కత్తి ఆకుల తగాదా

నమోదు 1. మంచు కరిగిన వారం.

లోయ రక్షణ శాఖవారికి కొత్తరేవు ప్రార్థన మందిరం ప్రసంగీకుడు నతానియేలు వందనాలతో రాస్తున్నది.

లోయలో కొత్త మొక్క నాటిన ప్రతివాడూ దాని సంగతి ఎప్పటికప్పుడు రాసి పంపాలని మీ ఆజ్ఞ. ఒక్కో నమోదు నాలుగు వాక్యాలు మించరాదని మరో ఆజ్ఞ. మొదటిది పాటిస్తాను. రెండోది నావల్ల కాదు. నాలుగు వాక్యాల్లో నేను భోజనానికి ముందు ప్రార్థన కూడా ముగించి ఎరుగను.

మొక్క పేరు అడవి ఐరిస్. మనుషులు రాకముందు ఈ లోయలో చిత్తడి గట్ల మీద దానంతటదే పెరిగేదట. సముద్రం మా పాత ఊరిని మింగాక మమ్మల్ని తెచ్చి ఈ కొండల మధ్య పెట్టారు. మేం వచ్చాం, అది పోయింది. మందిరం వెనక ఊటగుంటలో ఒక గోనెసంచి దుంపలు నాటాను.

ఎందుకు నాటారు అని అడిగారు. గ్రంథం తెరిచి చూడండి. ప్రభువు కొండమీద కూర్చుని పొలంలో పువ్వును చూపించి, దాని ముందు రాజుగారి ముస్తాబు దిగదుడుపే అన్నాడు. ఆ పువ్వు ఐరిసేనని కొందరు పండితులు అంటారు, కాదని ఇంకొందరు అంటారు. నేను ఏ పాఠశాలకూ వెళ్ళకుండా చదువుకున్నవాణ్ణి గనుక నచ్చిన పండితుల పక్షాన నిలబడే స్వేచ్ఛ నాకుంది. ఈ వేసవిలో మా కొత్త మందిరానికి ప్రతిష్ఠ. ఆ రోజు బల్ల మీద ఆ ఊదారంగు పువ్వు నిలబడాలి. అంతే.

దుంపలు నమ్మకమైన చోట కొన్నారా అని కూడా అడిగారు. గాలిబండి గుర్నాథం దగ్గర కొన్నాను. నెలకోసారి తన గాలిబండిని కొండ అంచున దించి సూదులు, బ్యాటరీలు, ఎండురొయ్యలు అమ్ముతాడు. రొయ్యల్లో ఏనాడూ మోసం లేదు. "ఇది ఖాయంగా అడవి ఐరిసేనా?" అని నిలదీశాను.

"అడివిలో తవ్వింది నేను. ఐరిస్ కావాలంది తమరు. రెండూ కలిపితే అడివి ఐరిస్సేగా అయ్యగారూ" అన్నాడు.

ఆ తర్కంలో నాకు దోషం కనపడలేదు.

నమోదు 2. ఆకులు లేచిన వారం.

ఆకులు లేచాయి. ఏదెను తోట గుమ్మంలో దూత పట్టుకున్న ఖడ్గాల్లా నిటారుగా, పచ్చగా, మధ్యలో ఈనెతో. నేను ఆనందంతో కీర్తన ఎత్తుకుని రెండో చరణంలో ఉండగా వెనక నుంచి మా వదిన దోర్కమ్మ గొంతు వినపడింది. ఈమె చనిపోయిన మా అన్న భార్య. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఈమె మాట మీద నడుస్తారు. నా మాట మీద నడవాల్సినవాళ్ళు కూడా.

"ఓ మరిదీ! వస ఏశావా? చెప్పవేంది మరి!"

"వస కాదు వదినా. ఐరిస్. ప్రభువు మెచ్చిన పువ్వు."

"నీ మొహం. మా అమ్మోళ్ళ కాలవ గట్టున ఇదే వస ఉండేది. ఇదే ఆకు, ఇదే ఈనె. ఎంతమంది పిల్లల నాలిక మీద నాకించాను నా చేత్తో! నాకు నువ్వు చెప్తావా?"

శాఖవారు ఏ ప్రాంతంవారో తెలియదు గనుక చెబుతున్నాను. మా తీరం మనుషులు పసిపిల్లలకు మాటలు త్వరగా రావాలని వసకొమ్ము కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాలుక మీద రాస్తారు. కొండల్లోకి వచ్చాక మాకు వస దొరకలేదు. వదిన మనవడు బెన్నీకి రెండో ఏడు నడుస్తోంది. ఇంతవరకూ ఒక్క మాట లేదు. పిలిస్తే తిరగడు. వాడు నాకూ మనవడే.

వసో కాదో వాసన చూస్తే తేలిపోతుంది గదా అని మీరనవచ్చు. మా తిప్పలు వినండి. ఊరు మునిగిన ఏడాది వచ్చిన జ్వరం మా తరం వాళ్ళందరి ముక్కులనూ మూసేసి పోయింది. కుళ్ళిన చేపకూ మల్లెపువ్వుకూ మాకు తేడా తెలియదు. ఇక్కడ పుట్టినవాళ్ళకు ముక్కులు బాగానే ఉన్నాయి, కానీ వాళ్ళు పుట్టి వస వాసన ఎరగరు. వాసన తెలిసినవాళ్ళకు ముక్కు లేదు, ముక్కున్నవాళ్ళకు వాసన తెలియదు.

అయినా వదిన ఊరుకోలేదు. కోడలు కెజియాను, అంటే బెన్నీ తల్లిని, పిలిచి ఆకు నలిపి ముక్కు కింద పెట్టింది.

"ఘాటుగా ఉందా అమ్మాయ్?"

"పచ్చిగడ్డిలాగా ఉందత్తమ్మా."

"అల్లం దంచినట్టు లేదూ? కొంచెం?"

"అల్లం దంచారా ఇవాళ?"

"చూశావా మరిదీ! అల్లం అంటంది!"

నమోదు 3. అదే నెల. పెట్టె సంగతి.

తగాదా పెట్టె దగ్గరకు వెళ్ళింది. సభాశాలలో ఉండే పెట్టె మా ఊరికి వైద్యుడు, గురువు, పంచాంగం. వీధి వీధికీ దానికి చెవులున్నాయి, నోళ్ళున్నాయి. ఏదడిగినా చెబుతుంది. పోయిన చలికాలం కొండచరియ విరిగి కింది నగరాలతో దాని తీగ తెగిపోయింది. అయినా చెప్పడం మానలేదు గనుక మాకేమీ లోటు తెలియలేదు.

వదిన అడిగింది. "మందిరం ఎనక మొక్క ఏందే?"

"వస" అంది పెట్టె. "నమ్మకం బలంగా ఉంది."

ఆడవాళ్ళంతా చప్పట్లు. నా కడుపులో ఏలీయా అగ్ని రగిలింది. ఆదివారం ఐరిస్ మీద ప్రసంగం చేశాను. గింజ నుంచి మొదలుపెట్టి రాజుల కాలం మీదుగా ప్రళయం దాకా తీసుకెళ్ళి వెనక్కు తెచ్చాను. ముసలివాళ్ళు ఇద్దరు నిద్రపోయారు, మధ్యాహ్నం అన్నాలు చల్లారిపోయాయి. సోమవారం వెళ్ళి అడిగాను.

"అడవి ఐరిస్" అంది పెట్టె. "సందేహానికి తావు లేదు."

గాడిద నోట సత్యం పలికించిన దేవునికి పెట్టె ఒక లెక్కా! మందిరం గంట కొట్టించాను.

మంగళవారం ఆడవాళ్ళు చేపల తొట్ల దగ్గర పొద్దస్తమానం కూర్చుని వస గురించే చెప్పుకున్నారు. ఎవరి పిల్ల వస తిని ఎన్ని మాటలు నేర్చిందో, ఎవరి అల్లుడు వస ఎక్కువై ఇప్పటికీ నోరు మూయడో. సాయంత్రానికి పెట్టె మళ్ళీ వస అంది. నేను ఉపవాస కూడికలు పెట్టాను. అది ఐరిస్ అంది. వాళ్ళు అప్పడాలు ఒత్తడానికి గుమిగూడారు. అది వస అంది.

నాకు అప్పటికీ వెలగలేదు. ఒకనాడు పొద్దున వాన సంగతి అడిగితే పెట్టె అంది గదా: "ప్రియులారా! నడుములు కట్టుకోండి! మధ్యాహ్నం వాన!"

ఆ గొంతు నాది. ఆ ఊపిరి ఆపడం కూడా నాదే.

నేను దాని ముందు కూలబడి అడిగాను. "ఐరిస్ అని నీకు ఎవరు చెప్పారు?"

"అత్యంత నమ్మకమైన ఆధారం, నతానియేలు గారు."

"మరి వస అని?"

"అంతకంటే నమ్మకమైన ఆధారం, దోర్కమ్మ గారు. మాటల మొత్తం ఎక్కువ."

నమోదు 4. రేడియో కలిసిన రోజు.

పైన తిరిగే ఉపగ్రహం మా లోయ మీదుగా వెళ్ళేటప్పుడు మాత్రం కింద మీ మొక్కల భవనంతో మాట్లాడవచ్చు. మాట్లాడాను. ఇందుమతి అనే అమ్మాయి పలికింది. అంతా చెప్పాను, అంటే నాకు సంక్షేపం అనిపించినంత చెప్పాను.

"కంగారు పడకండి సార్" అంది. "మీ ఊటగుంట మొక్క మా దగ్గర నమోదై ఉంది. అడవి ఐరిస్సే. పక్కా ఆధారం."

"స్తోత్రం! ఎవరమ్మా చూసింది?"

"చూడ్డం అంటే... మీ ఊరి పెట్టె రేడియోలో పంపింది సార్. అక్కడ ఎవరో పెద్ద పండితుడు తేల్చారట. ఉండండి, పేరుంది. నతానియేలు గారట. మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను. "రోజూ అద్దంలో కనపడుతుంటాడు."

ఆ అమ్మాయి గొంతు మారింది.

"అయితే సార్, దాన్ని ఇంతవరకూ తెలిసినవాళ్ళు ఎవ్వరూ చూడలేదన్నమాట."

"ఆకులు ఫొటో తీసి పంపనా?"

"పూత లేకుండా ఉత్త ఆకుల ఫొటో చూసి నేను ఒట్టేసి చెప్పలేను. కొన్ని ఐరిస్‌ల ఆకు అచ్చం వస లాగే ఉంటుంది. పువ్వు పూయనీయండి. పూశాక ముందు నుంచి, పక్క నుంచి తీయండి. ఆకు మొదలు, దుంప కూడా. అంతవరకూ దానికి ఏ పేరూ పెట్టకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఐరిస్ అయితే ఆ దుంప నోట్లో పెట్టకూడదు. నోరు, గొంతు పొంగుతాయి, వాంతులు ఆగవు. చిన్నపిల్లలైతే ఇంకా ప్రమాదం."

బెన్నీ సంగతి కూడా చెప్పాను. "పిలిస్తే తిరగడా? చెవులు చూపించారా?" అని అడిగింది. జవాబిచ్చేలోపు ఉపగ్రహం కొండ దాటిపోయింది.

నమోదు 5. శనివారం.

రేపు ఆరాధన అయ్యాక బెన్నీకి వస నాకిస్తున్నామని వదిన ఊరంతా పిలిచింది. పరుగున వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని సానరాయి కడుగుతోంది. దుంప పక్కనే ఉంది, శుభ్రంగా గీరి.

"వదినా, రేపు ఆపు. అది ఏమిటో ఎవరికీ తెలియదు."

"పెట్టె వస అంటంది."

"పెట్టెకు చెప్పింది నువ్వే!"

"నిన్నటిదాకా నీ మాట చెప్తే గంట కొట్టించావు. ఇయ్యాల ఓడిపోతన్నావని పెట్టె చెడ్డదయిందా?"

ఇందుమతి మాటలు చెప్పాను. ఆమె నవ్వింది. "ముందు నీ మాటే మనకు తిప్పి చెప్పిన పిల్లగా? రేపు ఇంకో మాట చెప్తది."

నా అస్త్రాలన్నీ నేనే విరగ్గొట్టుకున్నాను. చేసేది లేక గ్రంథం తెరవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు నతానేలూ. నాకు వాక్యాలు తెలుసు. నా మనవడి నోట నాయనమ్మా అనే మాట ఒక్కటి విని పోవాలని ఉంది. అంతేరా. నీ పువ్వు కోసం వాడి నోరు కట్టేయబాకు."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను మరిదీ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. గ్రంథం చంకలో పెట్టుకున్నాను.

దుంపను ఎత్తుకుపోదామా అనుకున్నాను. ఒక దుంప ఎత్తుకుపోతే గుంటనిండా దుంపలున్నాయి. గుంటంతా పీకేస్తే, ఒకవేళ అది వసే అయితే, పిల్లవాడి మాటలు పీకినవాణ్ణవుతాను. ఎటు చూసినా తెలియనితనమే.

నమోదు 6. ఆదివారం జరిగింది. రెండు రోజుల తరవాత రాస్తున్నాను.

ఆరాధన అయింది. జనం వదిన వాకిట్లో చేరారు. దుంపను దీపం మీద కాల్చారు. కెజియా ఒళ్ళో బెన్నీ, మిఠాయి పెడతారనుకుని నోరు తెరిచి కూర్చున్నాడు. వదిన దుంపను రాయి మీద పెట్టబోతుండగా నేను జనాన్ని చీల్చుకుని వెళ్ళి దాన్ని లాక్కున్నాను.

"ఏందయ్యా ఇది! పిల్లోడికి పెట్టేది!"

"పెద్దవాడికి ముందు" అన్నాను. "ఇది వసైతే నాకేమీ కాదు. మహా అయితే ఇంకొంచెం ఎక్కువ మాట్లాడతాను."

"అమ్మో" అన్నారు వెనక ఎవరో.

కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ప్రార్థిస్తున్నాను, ప్రతిసారీ నా మాట నిలబెట్టమనే అడిగాను. ఆ పూట మొదటిసారి, ప్రభువా, నా మాట అబద్ధం చెయ్యి, ఇది వసే కానివ్వు, వదినను గెలవనివ్వు అని అడిగాను. అడిగి, దుంప కొరికి, నమిలి మింగాను.

ఏమీ కాలేదు.

"చూశారా!" అంది వదిన. "వసే! ఏమన్నా అయిందా ఈయనకి? కెజియా, పిల్లోణ్ణి ఇటు..."

అప్పుడు నా నాలుక మీద నిప్పు దిగింది. గ్రంథంలో అగ్నినాలుకలు దిగినప్పుడు శిష్యులు అనేక భాషలు మాట్లాడారు. నాకు ఉన్న ఒక్క భాషా పోయింది. "క..." అన్నాను. వదిన ముఖం పాలిపోయింది. యోనాను చేప కక్కినట్టు, నేను పొద్దున తిన్నవీ నిన్న తిన్నవీ వదిన వాకిట్లోనే కక్కాను. కెజియా బెన్నీని చంకనేసుకుని ఇంట్లోకి పరుగెత్తింది. వదిన నా తల పట్టుకుని కూర్చుంది. "నీళ్ళు! నీళ్ళు తేండర్రా! ఓరి నీ మొండితనం తగలెయ్య! చెప్పొచ్చుగా!" అని ఏడుస్తోంది.

చెప్పాను గదా. చెబుతూనే ఉన్నాను గదా. ఆ మాట అనడానికే ఆ క్షణాన గొంతు లేదు.

వీధి చివర పెట్టె నోరు నా గొంతుతో అరుస్తోంది: "ప్రియులారా! నోరు కడిగించండి! పక్కకు తిప్పి పడుకోబెట్టండి!" ఆ ఒక్కటి మాత్రం నేను ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. పాత రోజుల్లో నిజంగా నేర్చుకున్నదేదో దాని అడుగున ఇంకా మిగిలి ఉంది.

నమోదు 7. మాట లేని వారాలు.

గొంతు వాచింది. గంజి తప్ప దిగదు, గాలి తప్ప రాదు. జెకర్యా యాజకుడు దూతను నమ్మనందుకు మూగవాడయ్యాడు. నేను నన్ను మరీ నమ్మినందుకు అయ్యాను.

శాఖవారు ఒక్క సంగతి గమనించాలి. వాదంలో గెలిచాను. జీవితంలో ఇంత నిస్సందేహంగా ఎప్పుడూ గెలవలేదు. ఊరంతా ఒప్పుకుంది. నేను మాత్రం "చెప్పానా లేదా" అనలేకపోయాను. ఇంతకంటే పెద్ద శిక్ష పాతాళంలో ఉంటుందని నేను అనుకోను.

వదిన పూటపూటా గంజి తెచ్చి చెంచాతో పోస్తోంది.

"ఊళ్ళో ఎంత హాయిగా ఉందో తెలుసా మరిదీ! ఆదివారం అన్నం వేడిగా తిన్నాం."

నేను కళ్ళు ఉరిమాను.

"చూడు చూడు, కళ్ళతో కూడా పెసంగమే" అని నవ్వి, చెంచా పక్కన పెట్టింది. "ఆ రాయి నా చేతిలోనే ఉందిరా. ఇంకో నిమిషం అయితే..." అంది. తరవాత గంజి పోసింది. ఉప్పు ఎక్కువైంది. అనగలిగినా ఏమీ అనేవాణ్ణి కాదు.

పలక మీద ఇందుమతి మాట రాసి చూపించాను: బెన్నీ చెవులు చూపించండి. కెజియా ఉపగ్రహం వేళకు రేడియో పట్టుకుంది. పోయినవారం బిడ్డను కింది ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చారు. చెవిలో శనగగింజంత యంత్రం పెట్టారు. వాడికి మాట రాకపోవడం కాదు, ఇంతకాలం మా మాట వాడికి చేరలేదు. మా ఊళ్ళో జరిగిన రాద్ధాంతమంతా వినకుండా తప్పించుకున్న పుణ్యాత్ముడు వాడొక్కడే.

నమోదు 8. పువ్వు.

పూసింది. పసుపు పచ్చగా.

ఊదారంగు అని, రాజవస్త్రం అని, నేను ఎన్ని ఆదివారాలు వర్ణించానో ఊరందరికీ గుర్తే. అందరూ గుంట చుట్టూ చేరి పువ్వునూ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ పొద్దునే నా గొంతు కొంచెం తిరిగొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మంచి సమయం కోసం దాచుకున్నాను. లోపల ఒక ప్రసంగం కూడా సిద్ధంగా ఉంది. పసుపు అంటే బంగారం, బంగారం అంటే మందసం, మందసం అంటే... మూడు గంటలకు తక్కువ కాకుండా సాగదీయవచ్చు.

వదిన పెట్టెను అడిగింది. "ఈ పచ్చ పువ్వు ఏందే?"

పెట్టె అంది: "చెప్పలేను. నతానియేలు గారు ఇంకా ఏమీ అనలేదు."

అందరూ నావైపు తిరిగారు. ప్రసంగం నా నోట్లో మందసం దాకా వచ్చి ఆగింది. ఒక్క మాట అంటే చాలు. సాయంత్రానికి ఊరు నమ్ముతుంది, రేపటికి పెట్టె చెబుతుంది, ఎల్లుండి మీ మొక్కల భవనంలో ఆధారమై కూర్చుంటుంది.

"నాకు తెలియదు" అన్నాను. బొంగురుగా, మెల్లగా. ఆ మాట ఆ దుంపకంటే ఘాటుగా ఉంది.

ముందు నుంచి, పక్క నుంచి, ఆకు మొదలు, దుంప అన్నీ ఫొటోలు తీసి పంపాం. మర్నాడు ఇందుమతి పలికింది. ఐరిస్సే. కానీ ఈ లోయది కాదు, దూరదేశపు చిత్తడినేలల్ది. ఒకసారి పట్టిందంటే గుంటను, కాలవను నింపేసి ఇంకే మొక్కనూ బతకనీయదు. దుంప ముక్క మిగలకుండా తవ్వేయండి అంది.

"ఈసారి ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"పువ్వు చెప్పింది సార్. నేను చూశాను, ఇంకో ఇద్దరు విడివిడిగా చూశారు. భవనంలో దాచిన ఎండుపువ్వు పక్కన పెట్టి పోల్చాం. ముగ్గురికీ ఒకటే వచ్చింది. ఈ లోయ కొండకొన మీద మిగిలిన అసలు ఐరిస్ నుంచి మేమే తీసిన గింజలు పంపుతున్నాం. పూయడానికి మూడేళ్ళు పట్టవచ్చు. అంతవరకూ..."

"పేరు పెట్టను" అన్నాను.

"మూడేళ్ళు నోరు కట్టుకుంటాడంట!" అని వదిన వెనక నుంచి కేక. "మా మరిదే!"

ఊరంతా గుంటలో దిగి తవ్వాం. గుర్నాథం గాలిబండి దించబోయి, జనం చేతుల్లో పారలు చూసి నేల తాకకుండానే లేచిపోయాడు. ఆ నెల ఎండురొయ్యలు లేవు.

నమోదు 9. ప్రతిష్ఠ రోజు.

బల్ల మీద పువ్వు లేదు. మట్టి నింపిన కుండ ఉంది. అందులో మీ గింజలు. పైకి ఏమీ కనపడదు.

కింది ఊరినుంచి వచ్చిన చుట్టాలకు అది వింతగా తోచింది. నేను బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటుండగా ఒకాయన గుమ్మం పక్కనున్న పెట్టె నోటి దగ్గరకు వెళ్ళి, "ఆ కుండలో ఏముందండీ?" అని అడిగాడు.

ఈ వారాల్లో ఊళ్ళో ఎవరడిగినా నేను చెప్పిన మాట ఒకటే. పెట్టె అంతా విన్నది. వీధి వీధినా, ఇంటింటా, కొండ మారుమోగేలా, నా పాత గొంతుతో, ఊపిరి ఆపాల్సినచోట ఆపి గర్జించింది:

"ప్రియులారా! నాకు తెలియదు! పూసేదాకా మీకూ తెలియదు!"

కెజియా చంకలో బెన్నీ తటాలున తల తిప్పి, ఆ అరుపు ఎక్కడిదా అని గుమ్మంవైపు నోరు తెరుచుకుని చూశాడు. వదిన వాణ్ణి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తరవాత లేచి నిలబడి అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది.

ఇక నేను మాట్లాడేదేముంది? కాగితాలు మడిచి గ్రంథంలో పెట్టుకుని దిగి వచ్చేశాను.

"ఇన్నేళ్ళ నీ పెసంగాల్లో ఇదే మంచిది మరిదీ" అంది వదిన, అన్నం వడ్డిస్తూ. "పొట్టిది గూడా."

అన్నం వేడిగా ఉంది.